ఊఁ కొట్టే మనిషీ, స్కాట్లండు నాన్నలూ

మా ఆయన మాట్లాడడు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకునేదాన్ని. మా వైపు మగాళ్ళు అరుగెక్కితే దిగరు, నోరు తెరిస్తే మూయరు. అలాంటి చోట నాకొక నెమ్మదస్తుడు దొరికాడని మురిసిపోయాను. అప్పట్లో అడిగినదానికి సమాధానమైనా చెప్పేవాడు. తర్వాత ఆయన ముందుగా దుబాయ్ వెళ్ళి, జబల్ అలీ వైపు కొత్తగా కడుతున్న రేవులో పైలింగు సూపర్‌వైజరుగా కుదిరాడు. సముద్రం ఒడ్డున ఇనుప దూలాల్ని పెద్ద సుత్తి యంత్రంతో భూమిలోకి దిగ్గొట్టించే పని అది. కొన్నేళ్ళకి ఫ్యామిలీ వీసా తీసి నన్ను అక్కడి కరామా పేటకి రప్పించుకున్నాడు. నేనొచ్చేసరికి ఆయన భాష మొత్తం ఒక్క అక్షరం దగ్గరికి వచ్చి ఆగింది. ఊఁ.

ఆ ఊఁలో మళ్ళీ రకాలుంటాయేమోనని అనుకునేరు. ఏమీ లేవు. కూరలో ఉప్పు ఎక్కువైందా అంటే ఊఁ. తక్కువైందా అంటే ఊఁ. నన్ను చేసుకుని పొరపాటు చేశానని ఎప్పుడైనా అనిపించిందా మీకు అని అడిగితే దానికీ ఊఁ. నాకు ఒళ్ళు మండిపోయేది. గోడతో మాట్లాడినా నయం, గోడ కనీసం ఒప్పుకున్నట్టు తల ఊపదు.

నేను ఇంగ్లీషు ఎమ్మే. అంతటితో ఊరుకోకుండా పిహెచ్‌డీకి పేరు రాయించుకుని, అది సగంలో ఉండగా పెళ్ళి చేసుకుని, మిగతా సగాన్ని సూట్‌కేసులో పెట్టుకుని దుబాయ్ వచ్చినదాన్ని. కరామాలో మాకొక గది, నెల్లూరు నుంచి వచ్చిన ఒక దర్జీ కుటుంబానికి ఒక గది, ఇద్దరికీ కలిపి ఒక వంటిల్లు, ఒక హాలు. మగవాళ్ళు పనులకి పోయాక ఆ దర్జీగారి భార్యా నేనూ మిగిలేవాళ్ళం. ఆవిడని నేను అక్కా అనేదాన్ని. ఆవిడ మిషను తొక్కుతూ మాట్లాడేది, నేను నవల చదువుతూ వినేదాన్ని. ఆ ఇంట్లో మాటలకి లోటు లేదు, మా ఆయన దగ్గర తప్ప.

నా థీసిస్ స్కాట్లండు నవలల మీద. స్కాట్లండు అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఇంగ్లండు నవలలన్నిటినీ నా ముందువాళ్ళు పిండి ఆరేసేశారు కనుక, ఎవరూ ముట్టనిదేదైనా చూసుకోమని మా గైడుగారు సెలవిచ్చారు. కొన్ని ఊళ్ళో ఉండగానే చదివాను. మిగతావి దుబాయ్‌లోనే దేరా బజారులో ఒక పాత సామాన్ల కొట్లో దొరికాయి. ఉద్యోగాలు ముగించుకుని పోయే తెల్లవాళ్ళు మంచాలూ ఫ్యాన్లూ ఆ కొట్లో పడేసి పోయేవారు. ఆ ఫ్యాన్ల మధ్య ఒక అట్టపెట్టె నిండా స్కాట్లండు. ఆ నవలల పేర్లు చెప్పను. చెబితే మీకు చదవాలనిపిస్తుంది, ఆ పాపం నాకొద్దు.

నవలలుంటే చాలదు. మన యూనివర్సిటీలకి సాహిత్య సిద్ధాంతాలు అప్పుడప్పుడే దిగుమతి అవుతున్న రోజులవి. అంతకు ముందు నవల బాగుంటే బాగుందనీ, అందులో ఎవరైనా పోతే అయ్యో పాపమనీ రాస్తే సరిపోయేది. ఇప్పుడలా రాస్తే చదువురానిదాన్ని చూసినట్టు చూస్తారు. నవల ఏం చెప్పిందో కాదు, ఏం చెప్పకుండా దాటేసిందో పట్టుకోవాలి. లోకంలో ప్రతిదీ ఒక సంకేతం. దాని అర్థం దానిలో ఉండదు, అది ఏ సంప్రదాయంలో నిలబడి ఉందో అందులో ఉంటుంది. ఈ సంగతులన్నీ ఉన్న పుస్తకాన్ని గైడుగారు జిరాక్సు తీయించి పంపించారు. జిరాక్సు కొట్టువాడు కుడిచేతి పేజీలు మాత్రమే తీశాడు. ఎడమచేతి పేజీలు ఏమయ్యాయండీ అని రాస్తే, ఈ సిద్ధాంతంలో ఖాళీలు కూడా ముఖ్యమేనమ్మా అని ఆయన జవాబిచ్చారు. హాస్యానికన్నారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తెలీదు.

ఆ జిరాక్సులో ఒక పేజీ నన్ను పట్టేసింది. మనిషి మాట్లాడకపోవడం కూడా ఒక రకంగా మాట్లాడటమేననీ, నిశ్శబ్దమంటే ఎదుటివాళ్ళని కాదనడమేననీ, వాళ్ళని లెక్కలోంచి కొట్టేయడమేననీ చెప్పుకుంటూ వచ్చి, పేజీ అడుగున "అయితే" అన్న మాట దగ్గర ఆగింది. అయితే ఏమిటన్నది ఎడమచేతి పేజీలో ఉంది. అది నా దగ్గర లేదు. దాని అవసరం కూడా నాకేమీ కనపడలేదు.

ఎందుకంటే నా నవలలన్నిటిలోనూ ఒకే నాన్న ఉన్నాడు. నవలలన్నీ ఓడలు కట్టే ఊళ్ళ చుట్టూ తిరుగుతాయి. యార్డు నుంచి ఇంటికొచ్చి నాన్న పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంటాడు. కొడుకు ఊరొదిలి పోతానంటాడు, నాన్న మాట్లాడడు. కూతురు ఎవరినో చేసుకుంటానంటుంది, నాన్న మాట్లాడడు. పెళ్ళాం ఏడుస్తుంది, నాన్న పైపు దులుపుకుంటాడు. చదువుతూ చదువుతూ తలెత్తితే ఎదురుగా సోఫాలో మా ఆయన. పైపొక్కటే తక్కువ.

మూడో అధ్యాయం నేను రాయలేదు, నా కోపం రాసింది. స్కాట్లండు నాన్న నిశ్శబ్దం ప్రేమ లేకపోవడానికి సంకేతమని పేజీలకి పేజీలు నిరూపించాను. నవలల్లో దొరకని ఆధారాలు ఇంట్లో దొరికాయి. వంటింట్లోంచి పిలిస్తే పలకడు: అది నిరాకరణ. టీవీ గోడలదిరేలా పెడతాడు: అది ఆడదాని గొంతుని చెరిపెయ్యడం. నేను మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడకుండా నోటి వంకే చూస్తాడు: అది ఎప్పుడు మూతపడుతుందా అని కాచుకుని కూర్చోవడం. ఇవన్నీ స్కాట్లండు పేరుతో అధ్యాయంలోకి ఎక్కించాను. రాస్తుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ ఒక్క అధ్యాయం ఒప్పుకుంటే థీసిస్ గట్టెక్కినట్టే. మా ఊరికి దగ్గర కాలేజీలో, పిహెచ్‌డీ చేతికొస్తే లెక్చరరు పోస్టు ఇస్తామన్నారు. నేను లోపల ఇంకోటి కూడా తేల్చుకున్నాను. ఆ పోస్టు రాగానే ఈయన్ని ఇక్కడే ఉంచి నేను వెళ్ళిపోవాలి. విడాకులూ పంచాయితీలూ ఏమీ వద్దు, ఏడాదికోసారి సెలవుకొచ్చి ఊఁ అనిపోయే మొగుడిగా ఉంచేసుకుంటే చాలు. ప్రేమ లేని మనిషి పక్కన ఎంతకాలమని కూర్చుంటాను? ఈ మాట నెల్లూరక్కకి చెప్పాను. ఆవిడ మిషను ఆపి నా వంక జాలిగా చూసింది.

"ఏందమ్మే, మాట్టాడనోడి మీద ఏడస్తా ఉండావా నువ్వు? మాయన మాట్టాడతానే ఉంటాడు. ఏం సుఖపడినా నేను?"

గైడుగారి దగ్గర్నుంచి అధ్యాయం మీద జవాబొచ్చింది. వాదం బాగుంది, కారం కాస్త ఎక్కువైంది అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. వైవాలో పరీక్షకుడు అడగబోయే మొదటి ప్రశ్న నువ్వు ఒక్క స్కాట్లండు మనిషినైనా చూశావా అని. గల్ఫులో ఉన్నావు కదా, ఒకణ్ణి పట్టుకుని ఈ అధ్యాయం చదివించు, అవునని వాడి చేత అనిపించు, ఈ వేసవికి థీసిస్ ఇచ్చెయ్. వేసవి దాటితే నమోదు రద్దయిపోతుంది.

స్కాట్లండు మనిషిని ఎక్కడని తేను? కరామాలో మలయాళీ కావాలంటే గుమ్మంలోనే దొరుకుతాడు. ఆ సాయంత్రం మా ఆయన ఎదురుగా నిలబడి, మీ కంపెనీలో స్కాట్లండువాళ్ళెవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగాను. ఆయన ఆలోచించి, "మా ముదీర్" అన్నాడు. ముదీర్ అంటే ఇక్కడి మాటలో పెద్ద మేనేజరు. ఇన్నాళ్ళుగా మాకు జీతమిస్తున్నది స్కాట్లండేనన్నమాట. ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ అంటే ఊఁ అన్నాడు.

భోజనానికి పిలవమన్నాను. ఆయన మొహం పాలిపోయింది. అంతటి మనిషిని రెండు కుటుంబాలుండే కొంపకి ఎలా పిలుస్తామన్నట్టు గది నాలుగు వైపులా చూశాడు. నేను అధ్యాయం ఎత్తి చూపించాను. మర్నాడు వెళ్ళి పిలిచాడు పాపం. ముదీర్ వస్తానన్నాడు.

శుక్రవారం సెలవు. నెల్లూరక్క భర్త పొద్దున్నే అల్ ఐన్‌లో బంధువుల దగ్గరికి వెళ్ళాడు, వంటిల్లు మా ఇద్దరిదీ అయింది. ఆవిడ చేపల పులుసూ బిర్యానీ, నేను కోడికూర, గుత్తి వంకాయ, పులిహోర, ముద్దపప్పు, జాడీలో దాచుకున్న గోంగూర. మధ్యాహ్నానికి ముదీర్ వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, ఎండకి మొహం ఇటుకలా కాలి ఉంది. నమస్కారం పెట్టాడు, చెప్పులు విప్పాడు. పెద్దాయనకని దుప్పటి పరిచి ఉంచిన సోఫా వదిలేసి, కుర్చీ లాక్కుని సరిగ్గా మా ఆయనకెదురుగా కూర్చున్నాడు. ఆపైన ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇద్దరి మొహాలూ ఎంత ప్రశాంతంగా ఉన్నాయంటే, నా మూడో అధ్యాయం ఒకటి కాదు, రెండు కాపీలు లేచి వచ్చి మా హాల్లో కూర్చున్నట్టుంది.

వడ్డన మొదలైంది. మన పద్ధతి మీకు తెలుసు. కంచం ఖాళీ అయిందంటే ఇంకా కావాలని. అతిథి వద్దంటే అది మొహమాటం, పట్టించుకోకూడదు. రెండోసారి వద్దంటే మర్యాద. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, ఒంగి, ఇంక నా వల్ల కాదని బతిమాలుకుంటే అప్పుడు చివరగా ఒక గరిటె వేసి వదిలిపెడతాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టడు. ఒక్కసారి మాత్రం చిన్నగా, చాలండి అన్నాడు. నేను కోడికూర వేశాను. తినేశాడు, కంచం కడిగినట్టు తినేశాడు. ఖాళీ అయింది కదా అని నెల్లూరక్క బిర్యానీ పెట్టింది. అదీ ఊడ్చేశాడు. పులుసు వేశాం, ఊడ్చాడు. ఆయన చెమట తుడుచుకున్నాడు, కారమేమోనని పెరుగన్నం పెట్టాం. ఊడ్చాడు. పెరుగుతో ఆపితే ఎలాగని మళ్ళీ పులిహోర దగ్గర్నుంచి మొదలుపెట్టాం.

వంటింట్లోకి వచ్చి, అక్కా, ఇంకా పెట్టమంటావా, ఆయన చూపు అదోలా ఉంది అన్నాను. అక్కకి కోపం వచ్చింది.

"పళ్ళెం తుడిచినట్టు తింటా ఉండాడు గదా. పెద్దమనిషి ఆకలితో పోతే మనకు మర్యాదా? నువ్వు గమ్మున చేపలెత్తకరా."

ఆ తినే మధ్యలో ఆయన నోరు విప్పి అడిగింది ఒకటే. మీరనే ప్రతి మాటకీ మీ ఆయన ఒక శబ్దం చేస్తున్నాడు, అదేమిటి అన్నాడు. నేను చెప్పాను. మా దేశంలో ఎవరైనా కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొడతారు, అలా కొడితేనే చెప్పేవాళ్ళు కథ సాగిస్తారు, కొట్టకపోతే ఆపేస్తారు. కానీ ఈయనది ఆ ఊఁ కాదులెండి, ఇది వేరు. ముదీర్ మా ఆయన వంక చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వంకాయ మింగాడు. ఆ చూపుని కూడా నేను వదల్లేదు. నిశ్శబ్దం నిశ్శబ్దాన్ని గుర్తుపట్టిందని మనసులో రాసుకున్నాను.

వెళ్ళేటప్పుడు చేతికి అధ్యాయం ఇచ్చాను. తీరిక దొరికితే చదవమని, మీ దేశం గురించి రాసింది సరిగ్గా ఉందో లేదో చెప్పమని అడిగాను. ఆ వెనకే నెల్లూరక్క నాలుగు గిన్నెల క్యారియరు నిండా సర్ది ఇచ్చింది, రాత్రికని. క్యారియరు చూసి ఆయన కళ్ళు మూసి తెరిచాడు. మెట్లు దిగేటప్పుడు రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఆలోచించి దిగాడు.

శనివారం ముదీర్ పనికి రాలేదు. ఆయన డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. సాయంత్రం మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఏం పెట్టిన్రమ్మా మా ముదీర్‌కు? నిన్నటిసంది మంచం దిగుతలేడు. పెట్టింది ఇడిసిపెడితే వాళ్ళ తాన పెద్ద తప్పంట. చిన్నగున్నప్పుడు పళ్ళెంల మెతుకు మిగిలితే వాళ్ళమ్మ లేవనియ్యకపోయేదంట. తను తింటనే ఉన్నడంట, మీరు ఏస్తనే ఉన్నరంట."

నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నాను, అంతలోనే సిగ్గేసింది. ఆయన సంప్రదాయంలో ఖాళీ కంచమంటే అయిపోయిందని. మన సంప్రదాయంలో ఖాళీ కంచమంటే మొదలుపెట్టమని. ఆ చివర ఆయనా ఈ చివర మేమూ మర్యాద తప్పకుండా ఒక మనిషిని చంపినంత పని చేశాం. సంకేతం అర్థం సంకేతంలో ఉండదని పేజీలకి పేజీలు రాసినదాన్ని, కళ్ళెదురుగా ఉన్న కంచాన్ని చదవలేకపోయాను. నెల్లూరక్క గాభరాగా వాము వేయించి పొట్లం కట్టి డ్రైవరు చేతికిచ్చింది. మా ఆయన ఆ పొట్లం వంకా నా వంకా చూసి తల పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం పోయిందనుకున్నాడు, నా థీసిస్ పోయిందని నేననుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ముదీర్ తానే వచ్చాడు. మా ఆయన ఇంకా సైటులోనే ఉన్నాడు. ముదీర్ మనిషి కాస్త చిక్కాడు. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో నా మూడో అధ్యాయం. ఇండియావాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని డ్రైవరు చెప్పాడట. నాలుగు గిన్నెల్లోనూ వాళ్ళ ఊరి నుంచి తెప్పించుకున్న ఓట్స్ గింజలు నింపి తెచ్చాడు. నెల్లూరక్క మూత తీసి చూసి, ఇది గుర్రాలకు పెట్టేది గదమ్మే అని నా చెవిలో గొణిగింది. వద్దన్నా వినకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. టీ ఒక్కటే తే అక్కా, బిస్కెట్లు కూడా వద్దు అన్నాను.

ఆయన కూర్చుని అధ్యాయం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మంచం మీద పడుకుని రెండుసార్లు చదివాడట. వేరే పనేం లేదు కదా అన్నాడు. మీ ఇంగ్లీషు బాగుంది అన్నాడు. నేను పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఇంక అవునంటాడని, అంటే వేసవికల్లా థీసిస్ పోస్టులో వేసి నేను కూడా సామాను సర్దుకోవచ్చని లెక్కలేసుకుంటున్నాను. ఆయన నింపాదిగా అడిగాడు.

"ఇది మా నాన్న మీద రాశారా, మీ ఆయన మీద రాశారా?"

నేను పెన్సిలు పక్కన పెట్టాను. ఆయనే చెప్పుకుపోయాడు. వాళ్ళది ఓడలు కట్టే ఊరు. వాళ్ళ నాన్న ఓడ ఇనుప రేకుల్ని కలిపి బిగించే రివెట్ల పని చేసేవాడు. ఓడ ఇనుప డొల్ల లోపల కూర్చుని, బయటి నుంచి ఇంకొకరు సుత్తితో కొడుతుంటే ఆ మేకుని లోపలి నుంచి ఆనించి పట్టుకోవాలి. ఆ చప్పుడు పోవడానికి వేరే దారి లేదు, చెవుల్లోంచే పోవాలి.

"ముప్ఫై ఏళ్ళు దాటేసరికి ఆయనకి చెవుడు. మా వీధిలో నాన్నలందరూ అంతే. పిల్లలమంతా ఎదురుగా నిలబడి మాట్లాడటం నేర్చుకున్నాం. ఆ నవలలు రాసినవాళ్ళు యార్డు గోడకి అవతలి వైపు పెరిగారమ్మా. నాన్న ఎందుకు పలకలేదని పుస్తకాలు రాశారు. వినపడిందా అని ఎవరూ అడగలేదు."

ఆ కాగితాలు నా చేతికిచ్చి, శుక్రవారం సోఫా వదిలేసి మీ ఆయనకెదురుగా ఎందుకు కూర్చున్నాననుకున్నారు అన్నాడు. సైటులో చప్పుడు ఆపడానికి చెవులకి పెట్టుకోమని ఇచ్చినవి ఎండలో చెమట పోస్తాయని ఎవరూ పెట్టుకోరట. మా ఆయన తన నోటి వంక చూసే పద్ధతి చూసి ముదీర్‌కి అనుమానం వచ్చిందట, మా ఇంట్లో రూఢి చేసుకున్నాడట. వచ్చే వారం నుంచి మా ఆయన్ని ఆ సుత్తి దగ్గర నుంచి తీసి ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాయింగుల గదిలో వేస్తున్నానన్నాడు. జీతం అదే. ఈ మాట మీరే చెప్పండి, నేను చెబితే ఉద్యోగం ఊడిందనుకుని భయపడతాడు అని, టీ తాగి, కప్పులో చుక్క మిగల్చకుండా తాగి, నెల్లూరక్క మళ్ళీ పోయడానికి రాకముందే గబుక్కున లేచి వెళ్ళిపోయాడు.

కొత్తలో ఒకసారి సైటు చూపించమంటే మా ఆయన తీసుకెళ్ళాడు. కాసేపు నిలబడినందుకే ఇంటికొచ్చాక కూడా నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది, ఇంకెప్పుడూ రానని చెప్పాను. ఆ మనిషి రోజూ వెళ్ళాడు. వంటింట్లోంచి పిలవడం, టీవీ, నోటి వంక చూడటం, నా ఆధారాలన్నీ వరసగా వచ్చి నా ఎదుట నిలబడ్డాయి. నా మీద నాకే ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆయనొచ్చి, స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. నమ్మాలనిపించలేదు. వెనక గుమ్మంలో నిలబడి, మామూలు గొంతుతో, మీ పాస్‌పోర్టు పొయ్యిలో వేశానండీ అన్నాను. కదల్లేదు. ఇంకొంచెం దగ్గరికెళ్ళి, నేను నెల్లూరక్క మొగుడితో లేచిపోతున్నానండీ అన్నాను. వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. అక్క గరిటెతో సహా హాల్లోకి వచ్చింది.

"ఏందమ్మే నువ్వంటా ఉండేది?"

మా ఆయన మాత్రం కింద పోయే బస్సుని చూస్తూ టీ తాగుతున్నాడు. అక్క మా ఇద్దర్నీ చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా అర్థమైంది. గరిటె దించేసి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన తలెత్తి, ఎప్పట్లాగే, నా నోటి వంక చూశాడు. ఏదో చెబుదామని పెదాలు కదిపాను. నేను ఒక్క ముక్క కూడా అనలేదు. ఆయన కాసేపు చూసి, నా పెదాలు ఆగగానే, ఊఁ అన్నాడు.

తర్వాత సంగతులు చెప్పేస్తాను. డ్రాయింగుల గది మాట గట్టిగా, ఎదురుగా కూర్చుని చెప్పాను. మూడో అధ్యాయం చించేసి మళ్ళీ రాశాను. పాత్ర ఎందుకు మాట్లాడలేదని అడిగే ముందు, ఆ పాత్రకి వినపడిందో లేదో, ఎక్కడ ఏ పని చేసి ఇంటికొచ్చిందో కనుక్కోవాలని రాశాను. గైడుగారు ఇందులో సిద్ధాంతం పలచబడిందన్నారు, అయినా వేసవికి ముందే పంపించారు. వైవాలో పరీక్షకుడు అన్నట్టే అడిగాడు, స్కాట్లండు మనిషిని చూశావా అని. చూడటమే కాదండీ, చచ్చేంత పని అయ్యేలా అన్నం కూడా పెట్టాను అన్నాను. డాక్టరేటు ఇచ్చారు. మా ఊరి కాలేజీ పోస్టుకి నేను వెళ్ళలేదు, కరామాలోనే ఒక బళ్ళో చేరాను. గట్టిగా మాట్లాడటం అలవాటై ఆ బళ్ళో నా క్లాసు పక్క క్లాసుకి కూడా వినపడేది. ఇంట్లో అయితే మా రహస్యాలన్నీ నెల్లూరక్కకీ, ఆవిడ ద్వారా కరామాకీ తెలిసిపోయాయి.

అయితే, ఆ సాయంత్రం బాల్కనీలో ఆయన చెప్పిన ఒక మాట మాత్రం థీసిస్‌లో ఎక్కడా పెట్టలేదు. ఎప్పటి నుంచండీ ఇది అని అడిగాను. నేను రాకముందు నుంచేనట, ఎడమ చెవి ముందు పోయిందట. వీసా రెన్యూవల్‌కి మెడికల్ చేసేటప్పుడు దొరికిపోతే కాన్సిల్ కొట్టి పంపించేస్తారని ఎవరికీ చెప్పలేదన్నాడు. వాళ్ళకి చెప్పకపోతే పోనీ, నాకెందుకు చెప్పలేదు, నా దగ్గర ఎందుకు ఊరికే ఊఁ అంటూ కూర్చున్నారు అని గట్టిగా అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆ మధ్య కాలంలో ఆయన నోటి నుంచి నేను విన్న అతి పెద్ద మాట అదే.

"వినపడదని తెలిస్తే నువ్వు నాతో మాట్లాడటం తగ్గించేస్తావు. నువ్వు మాట్లాడుతుంటే చూడటం నాకు బాగుంటుంది. ఊఁ కొట్టకపోతే ఆపేస్తావేమోనని కొట్టాను."

ఆపలేదు. ఇప్పటికీ ఆపలేదు.